పిడికెడు పాత మట్టి

మార్చి 11

వానపాముకు,

ఈ పిలుపు చూసి మూతి ముడుచుకోకు. వాన వెలిసిందంటే చాలు, పెరట్లో మట్టి తవ్వుకుంటూ కూర్చునేదానివని మీ అన్నయ్య పెట్టిన పేరు. ఆయన తరఫున అలా పిలిచే హక్కు ఇప్పుడు నా ఒక్కదానికే మిగిలింది. ఫోన్ చేయొచ్చు కదా, ఉత్తరమెందుకని అడుగుతావేమో. ఫోన్‌లో నువ్వు "ఆ", "ఊ", "సరే వదినా" అని తేల్చేస్తావు. ఉత్తరమైతే ఏదో ఒకటి రాయక తప్పదు. అందుకని.

ఒంట్లో బాగానే ఉంది. బాగోలేనిది నర్సరీ. మీ అన్నయ్య పోయి ఏడాది దాటింది, నా చేతుల్లో ఒక్క మడి నారు కూడా సవ్యంగా ఎదగలేదు. విత్తనం మొలుస్తుంది, రెండాకులు వేస్తుంది, నేను చూసి మురిసిపోతాను. మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి కాడ మొదట్లో మెత్తబడి, నడుం విరిగినట్టు పక్కకు వాలిపోయి ఉంటుంది. ఒకటి వాలిందంటే చుట్టుపక్కలవన్నీ దాని వెంటే.

నేనేం తక్కువ చేశానో చెప్పు. షెడ్డుకు సున్నం వేయించాను. కుండీలన్నీ సబ్బు పెట్టి తోమాను. నేల మీద బ్లీచింగ్ పౌడరు చల్లించాను. షెడ్డు వెనకాల ఆయన ఏళ్ళ తరబడి పోగేసుకున్న పాత మట్టి గుట్ట గుర్తుందా? కుళ్ళిన ఆకులు, వేర్లు, పురుగులు, చూస్తేనే ఒళ్ళు జలదరించేది. దాన్ని మొత్తం లారీలోకి ఎత్తించి పంపేశాను. ఇప్పుడు సంచుల్లో వచ్చే మట్టే కొంటున్నాను. అది కూడా డ్రమ్ములో ఆవిరి పట్టి, చల్లారాకే కుండీల్లో నింపుతున్నాను. "సబ్బుబిళ్ళా, ఏదో ఒక రోజు నన్ను కూడా ఉతికి ఆరేస్తావు" అనేవారు కదా. అడ్డుపడే మనిషి లేరు, నర్సరీనంతా ఉతికి ఆరేశాను. అయినా మొక్క నిలవడం లేదు. ఆయనది చలవ చెయ్యి. నాది కాదు, అంతే.

పక్క గ్యారేజీ ఆయన స్థలం అడుగుతున్నాడు. వానలు పడకముందే కాంక్రీటు పోయించుకుని కార్లు నిలుపుకుంటాడట. చెడ్డవాడేం కాదు. మీ అన్నయ్య కోసం నాతో సమానంగా ఏడ్చాడు. ఊ అనేద్దామని సగం మనసు అంటోంది. మిగతా సగం కోసం నీకు రాస్తున్నాను. నువ్వు చేసే ఉద్యోగమే మట్టిని చూడడం కదా, ఈ మట్టిని కూడా ఒకసారి చూడు. డబ్బాలో పెట్టి పంపుతున్నాను. శుభ్రంగా సిద్ధం చేశానులే, నువ్వు ముట్టుకోవడానికి జంకక్కర్లేదు.

ఇంకొక్క మాట. షెడ్డు తలుపు తీయగానే ఒక వాసన వచ్చేది. మీ అన్నయ్య చొక్కాల్లో, మెడ దగ్గర, దిండు మీద కూడా అదే వాసన. తొలి వాన వాసనలాంటిది. ఆయన పోయాక కూడా కొన్నాళ్ళు షెడ్డులో ఉంది. ఇప్పుడు తలుపు తీస్తే సున్నం వాసన వస్తోంది. చొక్కాలు కూడా ఉతికేశానని ఇప్పుడు ఏడుపొస్తోంది.

ఎప్పుడొస్తావు? ఆయన పోయినప్పుడు వచ్చి మూడో రోజే వెళ్ళిపోయావు. షెడ్డు వైపు కూడా చూడలేదు.

మీ వదిన


ఏప్రిల్ 2

వదినా,

నీ డబ్బా అందింది. దాని మీద నువ్వు అంటించిన టేపు విప్పడానికి మా ల్యాబులో ఇద్దరం కష్టపడ్డాం. మందుల పెట్టె కూడా ఇంత గట్టిగా మూసి రాదు.

నేను చేసే పని నీకెప్పుడూ సరిగా చెప్పలేదనుకుంటా. మట్టి కూడా ఊపిరి తీస్తుంది. అంటే మట్టిలో ఉండే సూక్ష్మజీవులు తీస్తాయి. ఒక చెంచాడు మంచి మట్టిలో కోట్ల కొద్దీ ఉంటాయి. కొన్ని రాలిన ఆకుల్ని తిని మొక్కకు పనికొచ్చే ఎరువుగా మారుస్తాయి. కొన్ని దారాల్లా పాకి, వేరు అందుకోలేని చోటి నుంచి నీళ్ళు, పోషకాలు తెచ్చి వేరుకిచ్చి, బదులుగా దాని దగ్గర చక్కెర పుచ్చుకుంటాయి. కొన్ని వేళ్ళ చుట్టూ కాపలా ఉంటాయి. మేం మట్టిని సీసాలో పోసి, మూత బిగించి, ఎంత ఊపిరి వదిలిందో కొలుస్తాం. ఇంకొంచెం తీసి గాజు పళ్ళేల మీద పరిచి, ఏమేం మొలుస్తాయో చూస్తాం. మా గదినిండా ఇవే సీసాలు. నా బల్ల కిటికీ పక్కన, ఫ్రిజ్ ఎప్పుడూ గురక పెడుతూ ఉంటుంది. తోడు అదే.

నీ మట్టి సంగతి చెప్పడానికి కష్టంగా ఉంది, కానీ దాచి లాభం లేదు. అది ఊపిరి తీయడం లేదు. రెండోసారి కూడా చూశాను. పళ్ళేల మీద ఏమీ రాలేదు. నేనింతవరకు ఇలాంటిది చూడలేదు. అది పూర్తిగా చచ్చిపోయిన మట్టి వదినా. అందులో ఎంత చలవ చెయ్యి పెట్టినా మొక్క నిలవదు.

వాసన గురించి రాశావు. అది అన్నయ్య వాసన కాదు. తడి మట్టికి ఆ వాసనొచ్చేది దారాల్లాంటి ఒక రకం సూక్ష్మజీవుల వల్ల. అవి తయారు చేస్తాయి, అన్నయ్య చొక్కాకు అంటుకునేది. అవి పోతే వాసనా పోతుంది. అందులో వింతేం లేదు.

స్థలం విషయం నీ ఇష్టం. నేను చెప్పేదాన్ని కాను. ఇప్పట్లో రావడం కుదరదు. సీసాల లెక్కలు మధ్యలో వదిలి రాలేను. ఇక్కడ అంతా మామూలే. నేను ఉద్యోగానికి బయల్దేరిన రోజు అన్నయ్య ఇచ్చిన మొక్క నా గది కిటికీలో ఇంకా ఉంది. నీళ్ళు పోయడం మరిచిపోయినా అదేం అనుకోదు.

వేళకు తిను.

వానపాము


ఏప్రిల్ 15

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. చదివాను. మళ్ళీ చదివాను. తర్వాత మడిచి గూట్లో పెట్టి, ఇల్లంతా తుడిచాను.

చచ్చిపోయిన మట్టి అన్నావు. సరే. ఆయనతో పాటే పోయిందన్నమాట. లోపం నాలో ఉందా, మట్టిలో ఉందా అని ఏడాదిగా నలిగిపోతున్నాను. తేల్చిపెట్టావు, సంతోషం. ఆ వాసన కూడా ఆయనది కాదు, పురుగులదని తేల్చావు. ఇంకా సంతోషం. ఇన్నేళ్ళు నేను మొగుడితో కాపురం చేశాననుకున్నాను, పురుగులతో చేశానని ఇప్పుడు తెలిసింది. అందులో వింతేం లేదన్నావు. చదువుకున్నదానివి, నీకు వింతలుండవు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ సగం కూడా నాకు మిగల్లేదు.

రేపు గ్యారేజీ ఆయనతో మాట్లాడతాను. పొద్దున్నే టేపు పట్టుకొచ్చి కొలతలు తీసుకుపోయాడు. మీ అన్నయ్య తీగ పాకించిన గేటు పడగొట్టాలట, లేకపోతే కార్లు తిరగవట.

నా మీద కోపముంటే ఉండనీ. కానీ ఆ మట్టిని అంత మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది? నేను దాన్ని జల్లించి, పొడుగాటి పురుగులుంటే ఏరి, మూకుట్లో వేసి సన్న సెగ మీద పొగలొచ్చేదాకా వేయించి, చల్లార్చి, వేడినీళ్ళతో కడిగిన డబ్బాలో పోసి పంపాను. ఒకరి చేతికిచ్చేది ఏదైనా శుభ్రంగా ఇవ్వాలని మా అమ్మ నేర్పింది. అంత చేసి పంపితే అందులో ప్రాణం లేదంటావు.

ఇక్కడంతా మామూలే. నీ మాటే నీకు.

వదిన


ఏప్రిల్ 24

నా సబ్బుబిళ్ళ వదినకు,

మూకుట్లో వేయించావా!

ల్యాబులో ఉత్తరం విప్పి చదువుతూ ఆ మాట దగ్గరికొచ్చేసరికి పెద్దగా అరిచాను. మా పెద్దాయన, అదే, నా పై అధికారి, ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. చదివి వినిపించాను. ఆయన నవ్వడు, మన్ను తిన్న పాములా కూర్చుంటాడు. అలాంటి మనిషి కుర్చీలో కూలబడి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను నవ్వి నవ్వి, ఆ తర్వాత ఎందుకో ఏడ్చాను.

వదినా, సూక్ష్మజీవులుండాలని మేం మట్టిని చంటిపిల్లను మోసినట్టు మోసుకొస్తాం. ఎండ తగలనివ్వం, ఆరనివ్వం. నువ్వేమో వేయించి పంపావు. నేనేమో దానికి పరీక్షలు చేసి, ముఖం వేలాడేసుకుని, చచ్చిపోయిందని తీర్పు చెప్పాను. చంపిందెవరో ఇప్పుడు తెలిసింది. నీ నర్సరీ మట్టి సంగతి నాకింకా ఏమీ తెలియదు. ఆ తీర్పు చెల్లదు. గేటు పడగొట్టనివ్వకు.

వాసన గురించి నేను రాసిన తీరు బాగోలేదు. చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే చెప్పాను. ఆ వాసన తయారుచేసే జీవులు అన్ని చోట్లా ఒకేలా ఉండవు. తిండి పెట్టి, నీడనిచ్చి, తడి ఆరనివ్వకుండా ఎవరైనా పోషించుకుంటేనే అంతగా పెరుగుతాయి. అన్నయ్య చొక్కాలో వాసన వచ్చిందంటే ఆయన వాటిని అంతలా పెంచాడని అర్థం. అది ఆయన వాసన కాదని ఎలా అన్నానో నాకే తెలియదు. నాక్కూడా ఆ వాసనంటే ప్రాణం. ఇక్కడ వాన పడితే కిటికీ మూసేస్తాను.

ఇప్పుడు నాకు పచ్చి మట్టి పంపు. మడిలోది కొంచెం, కుండీలోది కొంచెం, షెడ్డు గుమ్మం దగ్గరిది కొంచెం. జల్లించకు. ఆరబెట్టకు. పురుగు కనిపిస్తే నమస్కారం పెట్టి వదిలేయి. చెంచా కూడా కడగకు. నీకు ప్రాణం మీదికొస్తుందని తెలుసు, కళ్ళు మూసుకుని పంపు.

ఇంకొకటి గుర్తు తెచ్చుకుని రాయి. కొత్త కుండీ నింపేటప్పుడు అన్నయ్య ఏం చేసేవాడు? నాకు చెయ్యి కదిలిన తీరు గుర్తుంది, ఎక్కడి నుంచి తీసేవాడో గుర్తు రావడం లేదు.

మా పళ్ళేల గురించి ఒక మాట. మట్టిలో ఉండేవాటిలో నూటికి ఒకటైనా మా గాజు పళ్ళెంలో పెరగదు. మిగతావి బతికే ఉంటాయి, కానీ పక్కన తమవాళ్ళు లేకపోతే పెరగవు. ఒకటి వదిలింది ఇంకొకటి తిని, దాని ఎంగిలి మరొకటి తిని, అలా గుంపుగానే బతుకుతాయి. విడదీసి ఎంత మంచి తిండి పెట్టినా ముడుచుకుని పడుంటాయి. చాలా రోజుల నుంచి ఈ సంగతి తెలుసు. ఈ మధ్యే సాయంత్రం గదికి వెళ్ళాక గుర్తొస్తోంది.

వానపాము


మే 9

వానపాముకు,

ఇంకెప్పుడూ నాతో ఇలాంటి పని చేయించకు. మట్టిని మట్టిలాగే, అందులో కాళ్ళున్నదేదో కదులుతుండగా, సంచిలో వేసి కట్టాను. చెంచా కడగలేదు. అది వంటింటి గట్టు మీద నన్నే చూస్తూ కూర్చుంది. పోస్టాఫీసులో "లోపల ఏముంది?" అని అడిగితే "మట్టి" అన్నాను. "మట్టికి ఇంత పార్సిలా?" అన్నాడు. "మా ఆడపడుచు మట్టిని డాక్టరుకు చూపిస్తుంది" అన్నాను. నా మొహం వంక జాలిగా చూసి ముద్ర కొట్టాడు.

అర్ధమొగుడి మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగం మాత్రమే.

నువ్వడిగింది చెబుతాను. కుండీలో మట్టి నింపి, మొక్క పెట్టబోయే ముందు, వేళ్ళు దిగే చోట ఒక పిడికెడు పాత మట్టి వేసేవారు. ప్రతి కుండీలోనూ. చేతులు కడుక్కోకుండా. ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి, మడి నుంచి షెడ్డుకు, అదే చెయ్యి. ఎవరు మొక్క కొనుక్కున్నా అందులో ఆ పిడికెడు వెళ్ళేది. "పుట్టింటి వాళ్ళు లేకుండా పిల్లని పంపిస్తామా ఏంటి?" అనేవారు. అదే చేత్తో వచ్చి అన్నం కంచం పట్టుకుంటే నేను ఇంతెత్తున లేచేదాన్ని. మా సంసారంలో జరిగిన పోట్లాటలన్నీ కలిపితే, సగం ఆ చేతుల గురించే. ఇప్పుడు ఇల్లు తుడిస్తే రెండో రోజు కూడా శుభ్రంగానే ఉంటుంది. తుడవడానికేమీ లేక మళ్ళీ తుడుస్తాను.

ఆ పిడికెడు ఆయన తీసేది వెనకాల గుట్టలోంచి. రాస్తూ రాస్తూ ఇక్కడ ఆగాను. నిజం చెప్పు. నేను లారీకెత్తించింది దాన్నేనా?

ఆ గుట్టలో ఆయన పార గుచ్చినది గుచ్చినట్టే ఉండిపోయింది. రోజూ వంటింటి కిటికీలోంచి కనిపించేది. పార అక్కడే ఉండి మనిషి లేకపోతే చూడలేకపోయాను. అందుకే తీయించాను. శుభ్రం కోసమని అందరికీ చెప్పాను. ఎక్కడికో రోడ్డు గుంతలు పూడ్చడానికి తీసుకుపోయారు, ఎక్కడో వాళ్ళకే గుర్తు లేదట. అడిగి వచ్చాను.

గ్యారేజీ ఆయనకు "మా ఆడపడుచు చెప్పాకే" అన్నాను. "మీ ఆడపడుచు ఏం చదివిందండీ?" అన్నాడు. "మట్టి" అన్నాను. "నేనూ మట్టే చదివానండీ, పదో తరగతి దాకా" అన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

మీ వదిన


మే 26

వదినా,

అవును, అదే గుట్ట. అబద్ధమాడి నిన్ను ఊరడించలేను. అది చెత్త కాదు, అన్నయ్య నర్సరీకంతటికీ తోడు చుక్క. పాలకు తోడు వేసినట్టు ఆయన ప్రతి కుండీకీ మట్టిని తోడు వేసేవాడు. కానీ పారని చూడలేక తీయించావు. నీ చోట నేనుంటే ఇంకా ముందే తీయించేదాన్ని.

పచ్చి మట్టి ఊపిరి తీస్తోంది. చాలా కొంచెం. పళ్ళేల మీద మాత్రం ఒకటే రకం బూజు విరగబడి పెరిగింది, నీ నారు కాడల్ని తినేస్తున్నది అదే. నువ్వు సున్నం, బ్లీచింగు, ఆవిరి పెట్టి అందరినీ ఖాళీ చేయించావు. ఖాళీ ఇల్లు కనిపిస్తే ముందుగా దూరేది దొంగే. మామూలు మట్టిలో ఈ బూజు ఉన్నా మిగతావాళ్ళు కాళ్ళు చాపుకోనివ్వరు. నీ మట్టిలో దానికి అడ్డుపడేవాళ్ళు లేరు. అదీ సంగతి. నీ చేతిలో లోపమేం లేదు. ఆ చెయ్యి పడ్డ విత్తనాలన్నీ మొలిచాయి కదా.

ఇప్పుడు అసలు విషయం. నీ ఉత్తరం చదివిన రోజు గదికొచ్చి మంచం మీద కూర్చున్నాను. ఎదురుగా కిటికీలో అన్నయ్య ఇచ్చిన మొక్క. ఇన్నేళ్ళుగా దాన్ని మొక్కలాగే చూశాను. మట్టి చదువుకున్నదాన్ని, దాని మట్టి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. దీపం కింద చీకటంటే నేనే. నువ్వు రాశాక గుర్తొచ్చింది. బయల్దేరే రోజు అన్నయ్య ఆ కుండీ నింపుతూ, నా కళ్ళ ముందే వెనక్కి వెళ్ళి పిడికిలి బిగించుకుని వచ్చాడు. నేను బండి టైమైపోతోందని విసుక్కుంటున్నాను.

ఒక చెంచాడు తీసి ల్యాబుకు పట్టుకెళ్ళి సీసాలో వేశాను. వదినా, అది ఊపిరి తీసింది. మామూలుగా కాదు. మా పెద్దాయన లెక్క తప్పిందనుకుని మళ్ళీ కొలిపించాడు. కుండీ అడుగున వేళ్ళ చుట్టూ తెల్లటి దారాలు అల్లుకుని ఉన్నాయి. సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. షెడ్డు తలుపు తీసినట్టయింది. అక్కడే నిలబడి ఏడ్చాను, ఎవరేమనుకున్నా సరే అనుకున్నాను.

అందులో సగం నీకు పార్సిల్ చేస్తాను. నీడలో ఎండుటాకులు పోగుపోసి, తడిపి, మధ్యలో ఇది పెట్టి కప్పు. ఆవిరి వద్దు, సబ్బు వద్దు. ఒక్క పిడికెడుతో నర్సరీ అంతా మారుతుందని మా ల్యాబులో ఎవరూ కాగితం మీద రాసివ్వరు, నేను కూడా. కానీ అన్నయ్య కూడా ఎక్కడో ఒక పిడికెడుతోనే మొదలుపెట్టి ఉంటాడు.

నేనెందుకు రావడం లేదని నువ్వడిగినప్పుడల్లా సీసాల మీద నెడుతున్నాను. సీసాలు కాదు. ఆ షెడ్డు తలుపు తీస్తే లోపల అన్నయ్య ఉండడు. తీయనంతవరకు ఇంకా లోపలే ఉన్నాడనిపిస్తుంది. అంతే.

వానపాము


జూన్ 3

పిచ్చిపిల్లా,

పార్సిల్ పంపకు. పోస్టులో వస్తే నేను తీసుకోను. బలవంతంగా ఇచ్చిపోతే మూకుడు ఎక్కడుందో నాకు తెలుసు.

మీ అన్నయ్య ఆ మట్టిని ఎవరికీ పార్సిల్ చేయలేదు. చేతిలోంచి వేళ్ళ దగ్గరికి, అంతే. నా చెయ్యి ఇంకా దానికి తెలియదు. నీ చెయ్యి తెలుసు. నువ్వొచ్చి వెయ్యి.

తలుపు సంగతి రాశావు. ఆ తలుపు నేను రోజూ తీస్తున్నాను. ఒక్కదాన్నే తీస్తున్నాను. రోజూ లోపల ఆయన ఉండరు. రోజూ తీస్తే అలవాటవుతుందని అందరూ చెబుతారు, అవదు. నీకు చూడకుండా ఉండే వీలుంది, అంత దూరంలో ఉన్నావు కాబట్టి. నేను చూడకుండా ఉండాలంటే కాంక్రీటు పోయించడమొక్కటే దారి. నాకు నర్సరీ మీద విరక్తి పుట్టి కాదు అమ్మాయ్, ఒక్కదాన్నే తలుపు తీయలేక గ్యారేజీ ఆయనకు ఇచ్చేద్దామనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

గేటు బయట కాంక్రీటు కలిపే యంత్రం తెచ్చి నిలబెట్టాడు. "అమ్మా, మబ్బులు పడుతున్నాయి, ఇంకెన్నాళ్ళు ఆగమంటారు?" అంటున్నాడు. "మా అమ్మాయి వచ్చేదాకా" అన్నాను. ఆడపడుచు అనబోయి అలా వచ్చేసింది. నువ్వొస్తే యంత్రం వెనక్కి వెళుతుంది. రాకపోతే పోయమంటాను. బెదిరింపు అనుకో, బతిమాలడం అనుకో, నీ ఇష్టం.

నీ గది కిటికీలో మొక్క ఒంటరిగా ఉందని నాకెప్పుడూ బెంగే. నువ్వు రాయకపోయినా తెలుసు.

మీ వదిన


జూన్ 8

వదినా,

వస్తున్నాను. కుండీ ఒళ్ళో పెట్టుకుని వస్తాను. సామాను పైన పెట్టుకోమని ఎవరైనా అంటే ఇది సామాను కాదని చెబుతాను. స్టేషన్‌కు రాకు, గేటు దగ్గరే ఉండు. తలుపు ఇద్దరం కలిసి తీద్దాం.

రాగానే నన్ను మాత్రం ఆవిరి పట్టకు.

వానపాము


ఆగస్టు 30

మా వానపాముకు,

నువ్వు క్షేమంగా చేరినట్టు రాసిన ముక్క అందింది. నాలుగు వాక్యాలే రాశావు. బుద్ధి మారలేదు.

నువ్వు వెళ్ళాక ఇల్లు ఎంత పెద్దదైపోయిందో చెప్పను, చెబితే సెలవు పెడతావు. నీ చెప్పుల మట్టి గుమ్మంలో అలాగే ఉంది. తుడవడానికి గుడ్డ పట్టుకుని వెళ్ళి, వదిలేసి వచ్చాను.

నువ్వున్నన్నాళ్ళు ఆకుల గుట్టను చూసి రోజూ పెదవి విరిచేదానివి కదా, "ఇంకా ఏమీ లేదు, ఓపిక పట్టాలి" అంటూ. నువ్వు వెళ్ళిన తర్వాత వానలు పట్టుకున్నాయి. గ్యారేజీ ఆయన వర్క్‌షాపు వెనకాల రాలిన ఆకులన్నీ బండిలో తెచ్చి పోశాడు. యంత్రం వెనక్కి తీసుకుపోవాల్సి వచ్చినందుకు కోపముంటుందనుకున్నాను. "మీ అమ్మాయి నాక్కూడా కుండీలో పిడికెడు వేస్తానందండీ, మరిచిపోయి వెళ్ళిపోయింది" అన్నాడు. నువ్వు మరిచిపోయావు, నేను వేశాను.

మొన్న గుట్ట పక్కన కొంచెం కదిపి చూశాను. ఆకుల మధ్య తెల్లటి దారాలు. నువ్వు చూపించినట్టే, కుట్టుమిషన్ దారంకన్నా సన్నగా, ఒక ఆకును ఇంకో ఆకుకు కుట్టినట్టు. పాత రోజుల్లో అయితే బూజని చీపురు తెచ్చేదాన్ని. అక్కడే చతికిలబడి కూర్చున్నాను. వెంటనే కప్పేశాను, చలేస్తుందేమోనని. నవ్వుకో.

నారు గురించి అడుగుతావు. కొన్ని వాలిపోయాయి. నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. కానీ పిడికెడు వేసిన మడిలో వాలినవి వాలగా, చుట్టుపక్కలవి వాటి వెంట వెళ్ళలేదు. నిలబడ్డాయి. నాలుగాకులు వేశాయి. పొద్దున్నే వెళ్ళి చూస్తాను, మధ్యాహ్నం చూస్తాను, చూస్తూ ఉంటే పని జరగడం లేదు.

ఇవాళ పొద్దున్న కుండీలు నింపడానికి షెడ్డులోకి వెళ్ళాను. రాత్రంతా వాన కురిసింది. గుట్టలోంచి కొంత బుట్టకెత్తుకుని నిన్న సాయంత్రమే లోపల పెట్టాను, ఆ సంగతి నాకు గుర్తు లేదు. తలుపు తీశాను. అలాగే నిలబడిపోయాను. పిలవబోయాను కూడా, పేరు నోటి దాకా వచ్చింది. ఆయన కాదని తెలుసు. దారాల్లాంటి జీవులని, అందులో వింతేం లేదని నువ్వు రాసింది నాకు బట్టీ వచ్చు. అయినా అమ్మాయ్, ఏడాదిన్నర తర్వాత ఆ తలుపు తీస్తే లోపల ఎవరో ఉన్నారు.

తర్వాత కుండీలు నింపాను. ప్రతిదాంట్లో, వేళ్ళు దిగే చోట, పిడికెడు. సగంలో నీకు రాయాలనిపించింది. లేచి చేతులు కడుక్కుని వచ్చేసరికి మనసు మారుతుందేమోనని, షెడ్డులోనే బల్ల మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను. నీకు కొత్తది ఒకటి నింపి పక్కన పెట్టాను, వచ్చి తీసుకుపోవాలి. పార్సిల్ చేయను.

కాగితం నిండా మరకలున్నాయి, వేలిముద్రలున్నాయి, చూసి అదిరిపోకు. అవి నావే. కడుక్కోలేదు. దులపకుండా ముక్కు దగ్గర పెట్టుకుని చూడు.

నీ వదిన